ఊరిని నిలిపిన పేదవాడు

ఈ నెల పాఠము: ప్రసంగి 9:13-16. దీనితోకూడ చదువవలసిన భాగములు: నిర్గమకాండము 22:6, 2 సమూయేలు 23:13-17, లూకా 17:11-19, రోమీయులకు 16:3, 4.



మోదుగు పూచినదనగా అడవి అంచున కాపురముండు మనవంటి పల్లెలవారికి రెండు సంగతులు జ్ఞాపకమునకు వచ్చును. ఒకటి ఇప్పపువ్వు; రెండవది నిప్పు. ఆకు రాలి నేల కనబడకుండ పరచుకొని, కాలు పెట్టిన చోటనెల్ల అప్పడమువలె చిటచిటలాడు దినములివి. ఈ దినములకు తగినదని ప్రసంగి గ్రంథములోని ఒక చిన్న కథను ఈ నెల పాఠముగా తీసికొనుచున్నాము.

కొద్ది ఇండ్ల ఊరొకటి. బలవంతుడైన రాజు దండెత్తి వచ్చి ఊరు చుట్టి కూర్చుండెను. ఊరివారికి దిక్కు తోచలేదు. అప్పుడు ఎవరును లెక్కచేయని ఒక పేదవాడు తన తెలివిచేత ఊరిని కాపాడెను. రాజు తిరిగి పోయెను. ఊరివారు తమ తమ పనులకు పోయిరి. పేదవాడు తన గుడిసెకు పోయెను. తరువాత వానిని తలంచుకొన్నవారు లేరు. అంతే కథ.

ఇందులో ఒక సంగతి గమనింపుడు. ప్రసంగి ఆ ఊరి పేరు చెప్పలేదు. ఆ పేదవాని పేరును చెప్పలేదు. ఆయనకును తెలిసియుండదు. మరచిపోయిన ఊరివారిని అడిగినయెడల వారుమాత్రము ఏమి చెప్పగలరు? మేము సెమినరీలో చదువుకొన్నప్పుడు ఈ భాగమును జ్ఞానమునుగూర్చిన పాఠముగా నేర్చుకొంటిమి. బలముకంటె జ్ఞానము మేలని వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి. పల్లెకు వచ్చిన తరువాత కూడ చాల యేండ్లు అట్లే బోధించితిమి. ఇది మరుపునుగూర్చిన పాఠమని మాకు నేర్పినది పుస్తకము కాదు, ఒక వేసవి.

మా పల్లె నర్సంపేట దాటి పాకాల అడవివైపు పోవు దారిలోనిది. కాకతి గణపతిదేవుని కాలమున, 1213 ప్రాంతములో, రెండు గుట్టల నడుమ కట్ట వేసి పాకాల చెరువు కట్టిరని మీరెరుగుదురు. ఆ చెరువు చుట్టునున్న అడవిని 1952లో అభయారణ్యముగా ప్రకటించిరి. పాత వరంగల్లు జిల్లా 2016లో ముక్కలై, ఆ తరువాత పేర్లు మరల మారి, ఇప్పుడు ఏ గ్రామము ఏ జిల్లాలోనిదో చెప్పుటకు మావంటివారు తడబడుచున్నారు గాని, నిప్పునకు జిల్లాల సరిహద్దులు తెలియవు. అది గాలి చెప్పిన దారిని పోవును.

మన అడవి నిప్పు సినిమాలలో చూపునట్లు చెట్ల కొనలమీద పరుగెత్తునది కాదు. టేకు, నల్లమద్ది, తునికి, వెదురు గల ఈ అడవి ఎండలు ముదురకముందే ఆకు రాల్చును. నిప్పు ఆ రాలిన ఆకులో నేలబారుగా నడచును. మామూలు చోట మోకాలెత్తు. గడ్డి యున్నచోట నడుమెత్తు. చూచువానికి ఇంతేకదా అనిపించును. కాని గుట్ట ఎక్కునప్పుడు అది మనిషికంటె వేగముగా ఎక్కును. అందుచేత తెలిసినవారు మంటకు పైవైపున ఎన్నడును నిలువరు. వెదురుపొద అంటుకొన్నయెడల కణుపులు తుపాకులవలె పేలును. అన్నిటికంటె మోసకరమైనది ఎండు మోడు. మంట ఆరినదని అందరు ఇండ్లకు వచ్చిన తరువాత కూడ అది లోలోపల రెండుమూడు దినములు రాజుకొనుచుండి, మరునాటి మధ్యాహ్నపు గాలికి మరల లేచును.

కొన్ని యేండ్ల క్రిందట మార్చి నెలలో ఒక శనివారము మధ్యాహ్నము మా ఊరి పడమట పొగ లేచెను. మొదట ఎవరును పట్టించుకొనలేదు. వేసవిలో అడవి పొగ మాకు క్రొత్త కాదు. సాయంకాలమునకు గాలి ఊరివైపు తిరిగెను. అడవి అంచున మావారి మొక్కజొన్న చేలు, గడ్డివాములు, పశువుల కొట్టములు, ఆ తరువాత మా పల్లె ఇండ్లు, వాటి నడుమ గుడి. అగ్నిమాపకశాఖవారికి కబురు పోయెను; వారు వచ్చిరి; కాని బండి పోవు దారి వాగుకడ ఆగిపోయెను. అక్కడనుండి ముందుకు కాళ్లే దిక్కు.

ఆ రాత్రి లోనికి పోయినవారు పదునైదుగురు. గూడెమునుండి కోయ యువకులు ఏడుగురు, తండానుండి నలుగురు, మా సంఘపు పిల్లలు ముగ్గురు. వారిని నడిపించినవాడు, వేసవి నెలలలో అడవి కాపలాకు దినకూలిపై పోవు ఒక ముసలివాడు. నీళ్లు లేవు. పచ్చికొమ్మలు విరిచి కొట్టుటయే. ముసలివాడు తొందరపడలేదు. మంట ఎదుటికి పోనీయక, వెనుకకు అరమైలు దూరమున పాత బండ్లబాట కడ వారిని నిలిపెను. బాటమీది ఆకంతయు పంగలకర్రలతో, చేతులతో ఊడ్పించెను. గాలి తగ్గువరకు ఆపెను. తరువాత ఆ బాట అంచున తానే నిప్పు పెట్టి, దానిని వచ్చుచున్న మంటకు ఎదురుగా పంపెను. రెండు మంటలు కలిసికొన్నచోట తినుటకు ఆకు లేక రెండును ఆరిపోయెను. చెప్పుటకు సులభముగా నున్నది. తెలియనివాడు చేసినయెడల రెండు మంటల నడుమ తానే చిక్కును. నడిరేయి దాటువరకు బాటకు ఇవతల పడిన ప్రతి మిరుగును పరుగెత్తి కొట్టిరి. గూడెపు పిల్లవాడొకడు, ఇరువది యేండ్లవాడు, బూడిద కప్పిన మోటి గుంటలో రెండు కాళ్లతో దిగబడెను. కాలికి రబ్బరు చెప్పులుండెను. రబ్బరు కరగి చర్మమునకు అంటుకొనెను. తోటివారు వానిని వీపున మోసికొని వాగు దాటించి, తెల్లవారకముందే వరంగల్లు పెద్దాసుపత్రికి పంపిరి.

మరునాడు ఆదివారము. ఊరు నిలిచెను. ఒక గడ్డివాము తప్ప మరేమియు పోలేదు. మేము స్తోత్రారాధన జరిపించితిమి. గుడి నిండెను. కీర్తనలు మూడు పాడితిమి. దేవుడు తన ప్రజల చుట్టు ప్రాకారముగా నుండెనని మేము నలువది నిమిషములు ప్రసంగించితిమి. ప్రత్యేక కానుక పట్టితిమి. అది బాగుగనే వచ్చెను. గుడి పైకప్పు నిధిలో జమకట్టితిమి. ఆ పదునైదుగురిలో ఒక్కని పేరైనను ఆ ఆరాధనలో మా నోట రాలేదు. మా సంఘపు పిల్లలు ముగ్గురు అలసి ఇంట నిద్రపోవుచుండిరి. ఆరాధనకు రాలేదని ఒక పెద్ద గొణిగెను కూడ.

సోమవారము ఉదయము మా సంఘపు వృద్ధురాలొకతె మా ఇంటి అరుగుకడకు వచ్చెను. ఆమెకు చదువు రాదు.

"అయ్యగారూ, నిన్న దేవునికి దండం పెట్టినం. మంచిదే. కాళ్లు కాలిన పిలగానికి ఎవరు పెట్టిండ్రు?"

మేము ఏదో చెప్పబోతిమి. మహిమ దేవునికే చెల్లవలెనని, మనుష్యుని పొగడినయెడల, అని మొదలుపెట్టితిమి. ఆమె వినలేదు.

"దేవుడు కొమ్మ పట్టుకొని ఉరికిండా అయ్యగారూ? ఉరికిచ్చిండు. ఉరికినోడు ఎవడు మరి?"

ఇట్లు చెప్పి ఆమె పోయెను. మేము లోనికి వచ్చి ప్రసంగి తొమ్మిదవ అధ్యాయము తెరచితిమి. పదునైదవ వచనముకడ చాలసేపు కూర్చుంటిమి. ఆ చిన్న ఊరివారు కూడ రాజు పోయిన మరునాడు బలులు అర్పించి పాటలు పాడియుందురని మాకు తోచెను. స్తోత్రము చెల్లించియు మరువవచ్చును. మేము చేసినది అదే.

ఆ వారము సంఘపెద్దల కూటము పెట్టితిమి. అక్కడ రెండు అభ్యంతరములు వచ్చెను. ఇవి మీ సంఘములలోను రాగలవు గనుక వాటిని దాచక వ్రాయుచున్నాము.

మొదటిది: మనుష్యులకు కృతజ్ఞత చెప్పినయెడల దేవుని మహిమలో పాలు తీసి వారికిచ్చినట్లగునని. దీనికి పౌలే జవాబు. రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయమును మనము పేర్ల పట్టికయని త్వరగా చదివి దాటివేయుదుము. అక్కడ ప్రిస్కిల్ల, అకుల అను భార్యాభర్తలు తన ప్రాణముకొరకు తమ మెడలనే అపాయమున పెట్టిరని పౌలు చెప్పుచున్నాడు. వారికి తానొక్కడే కాదు, అన్యజనులలోని సంఘములన్నియు కృతజ్ఞత కలిగియున్నవని కలుపుచున్నాడు. సంఘము సంఘముగా మనుష్యులకు వందనము చెప్పుట అపొస్తలుల కాలమునుండి యున్నదే. వారు గుడారములు కుట్టుకొని బ్రదుకువారు. పెద్ద ఉద్యోగులు కారు. పౌలు వారి పేర్లు వ్రాసినందుననే నేటికిని మనకు తెలిసినవి. ప్రసంగిలోని పేదవానికి ఆ భాగ్యము కలుగలేదు.

రెండవ అభ్యంతరము ఇంతకంటె కష్టమైనది. ఒక పెద్ద నెమ్మదిగా ఇట్లనెను: "మన పిల్లలు ముగ్గురికి గుడిలో ప్రార్థన చేద్దాం. కడమవాళ్లు మనవాళ్లు కారు గద అయ్యగారూ." ఆయన చెడ్డవాడు కాడు. మనమందరము మనస్సులో అనుకొనునది ఆయన నోట అనెను. పదిమంది కుష్ఠరోగులు బాగుపడిన కథను అప్పుడే చదివితిమి. తిరిగి వచ్చినవాడు సమరయుడు. ఆ కథను మనము చదువునప్పుడెల్ల ఆ తొమ్మిదిమందిని గద్దించుచు, ఆ ఒక్కని ప్రక్కన మనలను నిలువబెట్టుకొందుము. ఈసారి లెక్క వేరుగా నుండెను. ఆ ఆదివారము గుడిలో కూర్చున్న మేమే తొమ్మిదిమందిమి. ఇంకొక సంగతి కూడ చూడుడు. ఆ సమరయుడు గట్టిగా దేవుని స్తుతించుచు వచ్చెను. వచ్చి మేలు చేసినవాని పాదములకడ సాగిలపడెను. నోరు దేవునివైపు, మోకాళ్లు మేలు చేసినవానివైపు. ఆ రెంటిని ఆయన విడదీయలేదు.

తరువాత ఏమి ఇయ్యవలెనను మాట వచ్చెను. శాలువాలు కప్పుదమని ఒకరు, సభ పెట్టి పూలదండలు వేసి ఫోటో తీయింతమని ఒకరు అనిరి. పదునైదు శాలువాలు తెప్పించుటకు నిర్ణయమయ్యెను. అది చెప్పుటకు మేమును ఇద్దరు పెద్దలును గూడెమునకు పోతిమి. పిల్లవాడు ఆసుపత్రినుండి వచ్చి పంచలో మంచముమీద పండుకొనియుండెను. రెండు కాళ్లకు కట్లు. తల్లి మాకు మంచినీళ్లిచ్చి, మేము చెప్పినదంతయు విని, మర్యాదగానే ఇట్లనెను: "శాలువా ఏం జేసుకుంటమయ్యా ఎండకాలం. ఇప్పపువ్వు పాయె. ఆకు గూడ పోతది."

అడవి పల్లెల సంగతి ఎరుగనివారికొరకు కొంచెము వివరించెదము. ఇప్పపువ్వు మార్చి, ఏప్రిలు నెలలలో తెల్లవారుజామున రాలును. ఎండ ఎక్కకముందే ఏరుకొనవలెను. అది అయిన తరువాత వేసవి నడుమ తునికాకు. యాబది ఆకులకు ఒక కట్ట. తెల్లవారకముందు పోయి కోసి, ఇంటికి తెచ్చి, కుటుంబమంతయు కూర్చుండి కట్టలు కట్టి, సాయంకాలము కల్లమునకు తీసికొనిపోయి అప్పగింతురు. ఆ కొద్ది వారముల డబ్బే ఎందరికో వానకాలపు విత్తనము, పిల్లల పుస్తకము, పాత అప్పు. ఆ ఇంట నడువగలిగిన మగ పిల్లవాడు వాడొక్కడే. మేము ఊరు నిలిచినదని సంతోషించుచుంటిమి. ఊరు నిలుచుటకు ఎవరి ఇంటి సంవత్సరము ఖర్చయ్యెనో చూడలేదు.

దావీదు కథ ఇక్కడ పనికివచ్చును. బేత్లెహేము బావి నీళ్లకు ఆయన ఆశపడగా ముగ్గురు శూరులు శత్రువుల దండులోనుండి చొచ్చుకొనిపోయి తెచ్చిరి. ఆయన త్రాగలేదు, ప్రభువునకు పారబోసెను. చిన్నప్పుడు ఈ కథ వినినప్పుడు మాకు కోపము వచ్చెడిది. అంత కష్టపడి తెచ్చినవారిముందు నేలపాలు చేయుట మర్యాదయా అని. ఇప్పుడు అర్థమగుచున్నది. దావీదు పాత్రలోని నీటిని చూడలేదు. పోయి వచ్చిన దారిని చూచెను. అది నీరు కాదు, ఆ మనుష్యుల నెత్తురని చెప్పెను. అందిన మేలు ఎంతయని కాక, తెచ్చినవానికి ఎంత పడినదని ముందుగా లెక్కచూచెను. మేము గుడిలో మొదటి లెక్కయే చూచుకొంటిమి.

ఈ లెక్క మా పల్లెలోనే తప్పినది కాదు. 2019లోను 2020 మొదటను ఆస్ట్రేలియా దేశములో అడవులు తగులబడిన సంగతి మీరు వినియుందురు. ఆ వేసవిలో రెండు కోట్ల నలుబది లక్షల హెక్టారులకు పైగా నేల కాలెను. 3,000కు పైగా ఇండ్లు పోయెను. మంటలలో 33 మంది చనిపోయిరి. వారిలో తొమ్మండుగురు మంటలార్ప పోయినవారే. ఆ దేశములో పల్లెల మంటలార్పువారు చాలమట్టుకు జీతము తీసికొనువారు కారు. న్యూ సౌత్ వేల్స్ అను ఒక్క రాష్ట్రములోనే అట్టి స్వచ్ఛంద సేవకులు 70,000కు పైగా యున్నారు. రైతులు, అంగడివారు, పంతుళ్లు. 2019 డిసెంబరు 19న చెట్టు కూలి వారి బండి బోల్తాపడగా ఇద్దరు యువకులు మరణించిరి. ఇద్దరును రెండేండ్లు నిండని బిడ్డల తండ్రులు. ఒకని భూస్థాపన దినమున తండ్రికి రావలసిన పతకమును ఆ పసివాని చొక్కాకు తగిలించిరి. ఆ దేశమంతయు వారికి వందనములు చెప్పెను. అయితే వారములతరబడి పని మాని మంటలకడ నిలిచినవారి ఇండ్లు ఎట్లు గడచునని ప్రశ్న వచ్చెను. ఆ డిసెంబరు చివర, ఎక్కువ దినములు పనిచేసి సంపాదన పోగొట్టుకొన్న సేవకులకు దినమునకు 300 డాలర్ల వరకు, మొత్తము 6,000 డాలర్ల వరకు ఇచ్చెదమని ప్రభుత్వము ప్రకటింపవలసివచ్చెను. ధనిక దేశములోను చప్పట్లు మొదట వచ్చినవి. కూలి లెక్క తరువాత వచ్చెను.

మన దేశములో ప్రతి సంవత్సరము ఏప్రిలు 14 మొదలు వారము దినములు అగ్నిమాపక వారోత్సవములు జరుపుదురు. 1944లో ఆ దినమున బొంబాయి రేవులో ప్రత్తి బేళ్లు, మందుగుండు కలిపి ఎక్కించిన ఓడ అంటుకొని పేలెను. మంటలార్పబోయిన అగ్నిమాపక సిబ్బంది 66 మంది మరణించిరి. వారి జ్ఞాపకార్థమే ఆ వారము. మా గుడిలో ఆ దినములలో అంబేద్కరుగారి జయంతి, మట్టలాదివారము, ఈస్టరు జ్ఞాపకముండును. ఈ సంగతి మాత్రము మేము ఎన్నడును ప్రకటనలలో చదువలేదు. ఇప్పుడు చదువుచున్నాము.

గూడెమునుండి తిరిగి వచ్చిన తరువాత శాలువాల మాట ఎవరును ఎత్తలేదు. పైకప్పు నిధిలో వేసిన ప్రత్యేక కానుకను సంఘము ఒప్పుకొని బయటికి తీసెను. పదునైదుగురికిని రెండేసి దినముల కూలి లెక్కగట్టి, ఒక్కొక్కరి ఇంటికి పోయి చేతికిచ్చితిమి. ముసలి కాపలాదారుడు మొదట పుచ్చుకొనలేదు. తనకు ఆఫీసువారు కూలి ఇత్తురనెను. రాత్రి కూలి ఇయ్యరుగదా అని మా పెద్ద ఒకడనగా నవ్వి తీసికొనెను. పైకప్పు ఆ వానకాలము కూడ కారెను.

పిల్లవాని ఇంటి సంగతి స్త్రీల సమాజమువారు పట్టుకొనిరి. మన సంఘములలో తల్లులు వంటకు బియ్యము కొలుచునప్పుడు దేవునికొరకు ఒక పిడికెడు తీసి కుండలో వేయు వాడుక మీరెరుగుదురు. 1912లో దోర్నకల్లులో బిషప్పైన అజరయ్యగారు పేద పల్లె సంఘములకు ఇచ్చుట నేర్పిన పెద్దలలో ముఖ్యులు. ఆ పిడికెడు బియ్యము రెండు నెలలు గూడెమునకు పోయెను. ఆకు కాలము రాగానే, మా స్త్రీలు వంతులు వేసికొని ఆ ఇంటిపేర తునికాకు కోసిరి. మేమును మూడు దినములు పోతిమి. మా కట్టలలో ఆకులు లెక్క తప్పియుండుటచే కల్లములో వెనుకకు త్రోసిరి. ఆ తల్లి వాటిని మరల విప్పి కట్టుకొనవలసివచ్చెను. మేము చేసిన ఉపకారము అంతమాత్రమే.

ఇంతవరకే అయియుంటే ఈ పాఠము సులభముగా ముగిసియుండును. అయితే నిర్గమకాండములోని ఒక్క వచనము మిగిలియున్నది.

మూడవ వారము బుధవారపు ప్రార్థన తరువాత అందరు పోయినప్పుడు ఒక సహోదరుడు దీపము దగ్గర నిలిచిపోయెను. మా సంఘపువాడే. కానుకల పళ్లెము పట్టువాడు. "అయ్యగారూ, ఇప్పచెట్టు కింద ఆకు కాలబెట్టిన. ఆరిందనుకొని ఇంటికచ్చిన" అనెను.

ఇది ఎందుకు చేయుదురో చెప్పవలెను. ఇప్పపువ్వు తెల్లనిది, చిన్నది; రాలిన ఆకులో పడినచో కనబడదు. చెట్టు క్రింద కాల్చినయెడల నల్లని నేలమీద ముత్యములవలె కనబడును. తునికి కూడ కాలిన తరువాత లేత చిగురు బాగుగ వేయునని కొందరు నిప్పు పెట్టుదురు. వేటకు, పోడునకు పెట్టువారు వేరు. బాటసారి పారవేసిన బీడీ వేరు. మన అడవులలో మెరుపువలన పుట్టు నిప్పు బహు స్వల్పము. దాదాపు ప్రతి నిప్పు వెనుక ఒక మనిషి చెయ్యి యున్నది. ఆ చెయ్యి చాలసార్లు చెడ్డ చెయ్యి కాదు, తొందరపడిన చెయ్యి. నాలుకనుగూర్చి చెప్పుటకు యాకోబు చిన్న నిప్పురవ్వను, పెద్ద అడవిని తీసికొనెను. మన ఊళ్లలో దానిని ఉపమానముగా చదువ నక్కరలేదు.

నిర్గమకాండములోని ఆజ్ఞ ఏమనగా, నిప్పు ముళ్లకంపకు అంటుకొని పరుల పనలకుప్ప గాని పైరు గాని చేను గాని కాలిపోయినయెడల, ఆ నిప్పు రాజేసినవాడు నష్టము తీర్చవలెను. కావలెనని పెట్టెనా, పొరపాటున పెట్టెనా అని ధర్మశాస్త్రము అక్కడ అడుగలేదు. నిప్పు ఎవరిదో నష్టము వారిది. మేము ఆ వచనమును ఆయనకు చదివి వినిపించితిమి. ఆదివారము గుడిలో లేచి ఒప్పుకొననా అని ఆయన అడిగెను. గుడిలో లేచుట సులభము, ముందు గూడెమునకు పొమ్మంటిమి. ఆయన ఆ రాత్రియే పోయెను. అక్కడ వారిరువురు ఏమి మాటలాడుకొనిరో మేము అడుగలేదు; వారును చెప్పలేదు. అటవీశాఖవారికడకు కూడ పోయి చెప్పవలెనని మేము చెప్పితిమి. 1967 అటవీ చట్టము ప్రకారము రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట నేరమని ఆయనకును తెలియును. భయపడెను, పది దినములు ఆలస్యము చేసెను, పోయెను. దాని ఫలితమును భరించెను. ఆ వివరము ఈ పత్రికకు అక్కరలేదు.

మా మనస్సును కలత పెట్టునది ఇంకొకటి. ఆ సహోదరుడు చేసినది ఆ ఏడు మా సంఘములో అనేకులు చేసిరి. ఆయన నిప్పు నడచెను, కడమవారివి ఆరిపోయెను. అంతే భేదము. ఆదివారము ప్రాకారములనుగూర్చి ప్రసంగించిన మేము, అంతకుముందు ఏ వేసవిలోను ఇప్పచెట్ల క్రింద నిప్పు పెట్టవద్దని ఒక్క మాటయైనను ప్రకటనలలో చెప్పలేదు. మా ఇంటికి కానుకగా వచ్చిన ఇప్పపువ్వు ఏ నేలమీద ఏరినదో అడుగలేదు.

కాబట్టి ఇప్పుడు చెప్పుచున్నాము. ఇప్పచెట్టు క్రింద ఆకును చీపురుతో ఊడ్చి ప్రక్కకు నెట్టుడు. పాత చీరలు గాని వలలు గాని పరచుడు. పువ్వు మన్నంటక శుభ్రముగా వచ్చును, ధర కూడ మేలు. అడవి దారిని పోవునప్పుడు బీడీ కాల్చువారు దానిని మన్నులో నలిపి, చేతితో తాకి చూచి పొండు. పొగ కనబడినయెడల సాయంకాలము వరకు చూతమని కూర్చుండకుడు. మేమట్లు కూర్చుండియే ఆ రాత్రి తెచ్చుకొంటిమి. దెహ్రాదూనులోని అటవీ సర్వే సంస్థవారు 2004 మొదలుకొని ఉపగ్రహములు చూచిన నిప్పుల కబురు అటవీశాఖలకు పంపుచున్నారు. ఆ కబురు ఇప్పుడు ఫోనుకే వచ్చును. అది చాల మేలు. అయితే ఉపగ్రహము దినమునకు కొన్ని మారులే పైనుండి పోవును, మేకలు కాయు పిల్లవాడు దినమంతయు అక్కడనే యుండును. వాడు చెప్పినప్పుడు వినుడు.

ఆర్పబోవువారు నూలుబట్ట కట్టుకొని పోవలెను; నైలాను, పాలిస్టరు వేడికి కరగి ఒంటికి అంటుకొనును. రబ్బరు చెప్పులతో పోరాదు. దీనికి మా దగ్గర సాక్ష్యమున్నది. కాలినచోట చల్లని నీళ్లు ఇరువది నిమిషములు ధారగా పోయవలెను. సిరా, పేస్టు, నూనె రాయకూడదు. ఒంటరిగా ఎవరును పోరాదు. తెలిసిన పెద్దవాడు లేనిదే ఎదురు మంట పెట్టనేకూడదు.

అన్నిటికంటె మంచిది నిప్పు రాకముందు బాట ఊడ్చుట. అటవీశాఖవారు వేసవి మొదట ఫైరులైన్లు శుభ్రము చేయింతురు. మన రాష్ట్రములో 1992 మొదలుకొని ఏర్పడిన వన సంరక్షణ సమితులు బాగుగా పనిచేసిన ఊళ్లలో ఆ పని ఊరివారే చేసిరి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారము అడవిలో గాలివానకు 50,000కు పైగా చెట్లు ఒక్క దినమున కూలినవి. కూలిన చెట్టు ఎండినప్పుడు ఏమగునో వంటచెరకు మోయు మన తల్లులకు చెప్పనక్కరలేదు. ఆ ప్రాంతపు సంఘములు మరి జాగ్రత్తగా నుండవలెను.

ఆ పిల్లవాడు ఇప్పుడు నడచుచున్నాడు. ఎడమ పాదము కొంచెము ఈడ్చును. గుడికి రాడు, రమ్మని మేము ఆ మేలును ఎర చేయలేదు, చేయము కూడ. ప్రతి సంవత్సరము కోతపండుగ దినమున మా సంఘము మొదటి గంప ఆ గూడెమునకును తండాకును పంపును. గత కోతపండుగకు వాడు తిరుగు గంపలో ఇప్పపువ్వు పంపెను. ఊడ్చి ఏరినదని చెప్పి పంపెను.

ఈ నెల చివరి శనివారము తెల్లవారుజామున అయిదు గంటలకు పాత బండ్లబాట ఊడ్చుటకు గూడెమువారు, తండావారు, మా సంఘమువారు కలిసి పోవుదుము. ముసలి కాపలాదారుడు ముందు నడచును. పంగలకర్రలు, చీపుర్లు ఎవరివి వారే తెచ్చుకొనవలెను. అంబలి స్త్రీల సమాజమువారు వాగుకడకు తెత్తురు. రబ్బరు చెప్పులతో వచ్చినవారిని వెనుకకు పంపుదుము.